రోగి చిట్టా - సర్కారు ప్రోత్సాహము



నేను ఉపాధ్యాయవృత్తి చాలించి ఎర్రగడ్డ ప్రాంతమున కాలము గడపుచున్నవాడను. ఈ తావు పేరు వినగానే పల్లెలయందు కొందఱు నవ్వుదురు. ఎవనినైనను మతి చలించినవాడని ఎగతాళి చేయదలచినప్పుడు "వీనిని ఎర్రగడ్డకు పంపవలెను" అనుట మనలో పరిపాటి యైనది. ఇచ్చట మానసిక వైద్యశాల యుండుటయే దానికి కారణము. ఇదే ప్రాంతమున ఛాతీ వ్యాధులకు సర్కారు దవాఖానా యొకటి కలదు. క్షయరోగులు దూరపు జిల్లాలనుండి దానికి వచ్చుచుందురు. కొంచెము ముందునకు పోయినచో అమీర్‌పేట, పంజాగుట్టలయందు ప్రైవేటు వైద్యులును, రక్తపరీక్షల శాలలును వీథి వీథికిని గలరు, గలవు. ప్రతిదినము ఉదయమున బస్సు దిగి వచ్చు గ్రామస్థులను నేను చూచుచుందును. దాదాపు అందఱి చేతులలోను ఒక గుడ్డసంచి యుండును. పాత మందుచీట్లు, ఎక్స్‌రే పటములు, పరీక్షల కాగితములు, దుకాణపు రసీదులు అన్నియు దానిలోనే. ఆ సంచియే వారి ఆరోగ్యచరిత్ర. అది వానకు తడిసినను, బస్సులో మఱచిపోయినను ఆ చరిత్ర నశించినట్లే.

ఈ సంచికి బదులుగా రోగి చిట్టాను కంప్యూటరులో భద్రపఱచు నేర్పాటొకటి ప్రభుత్వమువారు చేసియున్నారు. ఆ యేర్పాటు ననుసరించు వైద్యశాలలకు ధనరూపమున ప్రోత్సాహ మిచ్చుటకును పూనుకొనిరి. ఆ ప్రోత్సాహము పొందుటకు గల నియమము లెట్టివి? వానివలన వైద్యునకు కలుగు లాభమేమి, మనకు కలుగు లాభమేమి? మనము దేనికి సమ్మతింపవలెను, దేనిని ప్రశ్నింపవలెను? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ముందుగా నా యింటి ముచ్చట యొకటి చెప్పెదను. నా పెదతండ్రి కుమారుడు, నాకు అన్నగారు, మెతుకుసీమలో సేద్యము చేయువాడు. సుమారు పది పన్నెండేండ్ల క్రిందట ఆయనకు క్షయ సోకినది. దగ్గఱి పట్టణములో నొక ప్రైవేటు వైద్యునియొద్ద మూడునెలలు మందులు మ్రింగెను. దగ్గు తగ్గినది, ఆకలి పుట్టినది. రోగము పోయినదనుకొని మందులు మానెను. సంవత్సరము తిరుగకమునుపే దగ్గు మఱల వచ్చినది. అప్పుడాయనను నేను ఎర్రగడ్డకు తోడ్కొనిపోతిని. అచ్చటి వైద్యుడు మూడు ప్రశ్నలు వేసెను. ఏ మందులు వాడితిరి? ఎన్ని నెలలు వాడితిరి? మొదట తెమడ పరీక్షలో ఏమి తేలినది? మా సంచిలో రెండు రసీదులును, అక్షరములు చెఱిగిపోయిన యొక చీటియు మాత్రమే యుండెను. పట్టణపు వైద్యునకు ఫోను చేసితిని. పాతచీట్లు తాము ఉంచుకొనమని సమాధానము వచ్చినది.

క్షయకు సామాన్యముగా ఆఱునెలలైనను మందు వాడవలెను. నడుమ మానినవారిలో ఆ మందునకు లొంగని క్షయ పుట్టుటకు అవకాశము కలదు. కావున పరీక్షలన్నియు మొదటినుండి చేయవలసివచ్చినది. ఫలితము తెలియుటకు వారములు పట్టినది. ఆ రోగముతోనే ఆయన మా యింటికి వచ్చుటకు ముందు ఎన్నియో రాత్రులు చిన్న మనుమని తన ప్రక్కలోనే పరుండబెట్టుకొనెను. ఒక్క చీటి సరిగా నుండినచో ఆ దినములలో సగమైనను మిగిలియుండునుగదా యని నేటికిని నాకు తోచుచుండును.

చిట్టా ఉంచవలెనను నియమము మనకు లేకపోలేదు. 2002 సంవత్సరమున భారత వైద్యమండలివారు చేసిన వృత్తిధర్మ నియమావళి ప్రకారము, వైద్యశాలలో చేరి చికిత్స పొందిన రోగి వివరములను వైద్యుడు మూడేండ్లు భద్రపఱుపవలెను; రోగి కోరినచో 72 గంటలలో ప్రతు లీయవలెను. కాని ఆ మూడేండ్ల కట్టుబాటు పడకమీద నున్న రోగికే. వచ్చి, చూపించుకొని, చీటి పట్టుకొని వెడలిపోవు రోగికి ఆ చీటియే సర్వస్వము. దినమునకు నూర్గురను చూచు వైద్యునకు ప్రతివాని చిట్టాయు వ్రాసియుంచుటకు తీరిక లేదు. వ్రాసినందున ఆయనకు గలుగు లాభమును లేదు. లాభములేని శ్రమను ఎవరును ఇష్టముతో చేయరు. ఈ లోకస్వభావము నెఱిగియే ప్రభుత్వమువారు దండోపాయమును విడిచి దానోపాయము నవలంబించిరి.

2020 ఆగస్టు 15వ తేదీన జాతీయ డిజిటల్ ఆరోగ్య ప్రణాళిక ప్రకటింపబడి, మొదట ఆఱు కేంద్రపాలిత ప్రాంతములలో పరీక్షార్థము నడుపబడినది. 2021 సెప్టెంబరు 27వ తేదీన అదియే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అను పేర దేశమంతటికిని వ్యాపింపజేయబడినది. దీనికి మూడు పునాదులు కలవు. ఒకటి, రోగికి 14 అంకెలుగల ఆభా సంఖ్య. రెండు, వైద్యుల పేళ్లుండు పట్టిక. మూడు, వైద్యశాలలు, పరీక్షాశాలలు మొదలగువాని పేళ్లుండు పట్టిక. గ్రామమందలి వ్యవహారముతో పోల్చి చెప్పవలెనన్న, ఆభా సంఖ్య మన ఖాతా సంఖ్యవంటిది. వైద్యుడు వ్రాయు ప్రతి చీటియు ఆ ఖాతాక్రింద చేరును.

ఇచ్చట నొక విషయము గమనింపవలెను. మన చీట్లన్నియు ఢిల్లీలో నొకచోట గుట్టగా పోయబడవు. ఏ వైద్యశాలలో చీటి పుట్టినదో అచ్చటనే అది యుండును. ఆభా సంఖ్య వానినన్నిటిని కలుపు దారము మాత్రమే. మఱియొక వైద్యుడు చూడగోరినప్పుడు మన యనుమతి యడుగబడును; మన మియ్యకొన్నచో ఆ దారమువెంట చీటి ఆయనయొద్దకు చేరును. ఇదియే దీని నిర్మాణము.

ఇక ప్రోత్సాహము సంగతి. డిజిటల్ హెల్త్ ఇన్సెంటివ్ స్కీము అను పేరుగల పథకము 2022 డిసెంబరులో ప్రకటింపబడి, 2023 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని గడువు తరువాత పొడిగింపబడినది. వైద్యశాలలు, నర్సింగ్ హోములు, పరీక్షాశాలలు, వానికి కంప్యూటరు కార్యక్రమములు తయారుచేసి యిచ్చు సంస్థలు దీనిక్రింద ధనము పొందుటకు అర్హములుగా నిర్ణయింపబడినవి. నియమములను నాలుగు మాటలలో చెప్పవచ్చును.

మొదటిది, ఆ వైద్యశాల ప్రభుత్వపు పట్టికలో నమోదు కావలెను. పేరులేని వైద్యశాలకు పైకము లేదు. రెండవది, అది వాడు కంప్యూటరు కార్యక్రమము మిషన్‌వారిచే పరీక్షింపబడి, ఇతర వైద్యశాలల కార్యక్రమములతో మాటాడగలది కావలెను. ఒకరి భాష మఱియొకరికి తెలియనిచో చీట్లు కలిసియు కలియనట్లే. మూడవది, మందుచీటి, వైద్యుని పరిశీలన, పరీక్షాఫలితము, దవాఖానానుండి పంపునప్పుడిచ్చు వివరపత్రము, టీకాల చిట్టా వంటివానిని కంప్యూటరులో వ్రాసి, రోగి సమ్మతితో ఆయన ఆభా సంఖ్యకు జతపఱుపవలెను. నాలుగవది, ఇట్లు జతపఱచిన పత్రములు ఒక కనీస సంఖ్యను దాటవలెను. ఆ సంఖ్య దాటినపిమ్మట జతపడు ప్రతి పత్రమునకును వైద్యశాలకు 20 రూపాయలు, పరీక్షాశాలకు 15 రూపాయలు చొప్పున ఆ పథకములో నిర్ణయింపబడెను. ఒక్కొక్క సంస్థ పొందదగిన మొత్తమునకు 4 కోట్ల రూపాయలు హద్దు. కంప్యూటర్లకు, వానిని నడుపు మనుష్యులకు అగు వ్యయమును కొంత భరించుట దీని యుద్దేశము.

కనీస సంఖ్య యేల పెట్టిరని మీరడుగవచ్చును. ఏదో పదిమంది చీట్లు ఎక్కించి, పైకము తీసికొని, మఱునాడు కంప్యూటరుపై గుడ్డ కప్పుదురేమో యని. చిట్టా వ్రాయుట వైద్యశాలకు నిత్యకృత్యము కావలెనని ఆ కట్టుబాటు ఉద్దేశము. ఇంతవఱకును ఆలోచన మంచిదే.

అయితే ఒక లోపము కలదు. లెక్క పత్రములను లెక్కపెట్టును, సత్యమును లెక్కపెట్టదు. ఇది మన గ్రామస్థులకు నేను చెప్పవలసిన మాట కాదు. పహాణీలో తండ్రిపేరు తప్పుపడినందున, సర్వే సంఖ్య మాఱినందున కచేరీలచుట్టు ఏండ్లతరబడి తిరిగిన రైతులు మనలో ఎందఱు లేరు? ఆ పట్టికలు కాగితమునుండి కంప్యూటరునకు ఎక్కినప్పుడు, కాగితముపై నున్న తప్పు కంప్యూటరులోను తప్పుగానే యెక్కినది. పైగా దిద్దుట మునుపటికంటె కష్టమైనది. రోగి చిట్టాయు నట్టిదే. భూమి పట్టికలోని తప్పు పొలమును పోగొట్టును. రోగి పట్టికలోని తప్పు ప్రాణమునే పోగొట్టవచ్చును.

ఇటీవల నా కట్టి యనుభవము కలిగినది. ఒక పరీక్షాశాలకు రక్తపరీక్ష నిమిత్తము పోతిని. బల్లయొద్ద కూర్చుండిన చిన్నవాడు నా ఫోను సంఖ్య యడిగి, వెంటనే "తాతగారూ, ఓటీపీ వచ్చినది, చెప్పండి" అనెను. "దేనికి నాయనా?" అంటిని. "అందఱును చెప్పుచున్నారండీ" అని అతని సమాధానము. చెప్పితిని, తప్పు నాది. వారము తరువాత మా మనుమరాలు ఫోనులో చూచి, నా చిట్టాలో చక్కెరవ్యాధి యున్నదని చదివినది. అది నాకు లేదు. నా భార్యకు గలదు. మా యింటిలో నలుగురికిని ఒకే ఫోను సంఖ్య యుండుటచే ఆమె పత్రము నా ఖాతాకు జతపడినది. నేను స్పృహతప్పి యుండగా ఎవరైన వైద్యుడు ఆ చిట్టాను నమ్మి చక్కెర తగ్గించు మందిచ్చినచో నాగతి యేమి? మఱల పోయి దిద్దించుకొంటిని. కాని యట్టి తప్పుడు పత్రముగూడ లెక్కలో నొకటిగనే నిలుచును. వేనోళ్ల పొగడదగిన పథకములోనైనను ఇట్టి రంధ్రమును పూడ్చవలసినవాడు రోగియే.

ఈ చిక్కు మనకే కాదు. మన తెలుగు వైద్యులు పెక్కుమంది యున్న అమెరికాలో 2009వ సంవత్సరముననే ఇట్టి ప్రోత్సాహమునకు చట్టము చేసిరి. వృద్ధులకు ప్రభుత్వము నడుపు మెడికేర్ పద్ధతిలో ఒక వైద్యునకు అయిదేండ్లలో 44,000 డాలర్లవఱకును, పేదల మెడికెయిడ్ పద్ధతిలో ఆఱేండ్లలో 63,750 డాలర్లవఱకును ఇచ్చుటకు నిర్ణయించిరి. వారు పత్రములను లెక్కించుటతో తృప్తిచెందలేదు. కంప్యూటరు కొన్నచో చాలదు, దానిని ప్రయోజనకరముగా వాడవలెను అనిరి. మొదటి దశలో నూటికి 40కి మించిన మందుచీట్లు కంప్యూటరు ద్వారానే దుకాణమునకు పోవలెననియు, 13 ఏండ్లు నిండినవారిలో సగముకంటె ఎక్కువమందికి పొగత్రాగు అలవాటు కలదో లేదో వ్రాయవలెననియు ఇట్టి పరీక్షలు పెట్టిరి. 2015 నుండి ఈ పరీక్షలు తప్పిన వైద్యులకు మెడికేర్ పైకములో కోతయు పెట్టిరి.

ఫలమేమి? కాగితపు కట్టలు చాలవఱకు మాయమైనవి. కాని వైద్యుడు రోగిముఖము చూచుట మాని తెఱముఖము చూచుచున్నాడని రోగులు, గడులు నింపుటతోనే ప్రొద్దు గడచుచున్నదని వైద్యులు మొఱపెట్టుకొనిరి. అన్నిటికంటె వింత యేమన, ఒక సంస్థవారి కంప్యూటరు మఱియొక సంస్థవారి కంప్యూటరుతో మాటాడదయ్యెను. రోగి సమాచారమును అడ్డగించుట తగదని 2016లో మఱల చట్టము చేయవలసివచ్చినది. అందుచేతనే మనవారు మొదటినుండియే ఒకరితో నొకరు మాటాడగల కార్యక్రమములకే పైకమని నియమించుట వివేకము.

మన యెర్రగడ్డ దవాఖానాకు దగ్గఱి సంగతి మఱియొకటి కలదు. క్షయరోగిని కనుగొన్న ప్రతి వైద్యుడును, ప్రైవేటువాడైనను, ప్రభుత్వమునకు తెలుపవలెనని 2012 మే నెలలో ఉత్తరువైనది. అట్టి వివరముల కొఱకు నిక్షయ్ అను కంప్యూటరు పట్టిక యేర్పడినది. ప్రైవేటు వైద్యుడు రోగిని నమోదు చేసినందులకు 500 రూపాయలు, చికిత్స ముగిసి ఫలితము తెలిపినందులకు మఱి 500 రూపాయలు ఇచ్చు పద్ధతి తరువాత వచ్చినది. రోగికి పోషకాహారము నిమిత్తము నెలకు 500 రూపాయలు 2018 ఏప్రిల్ నుండి ఇచ్చుచు, 2024 నవంబరునుండి దానిని 1,000 రూపాయలు చేసిరి.

ఈ నియమములోని చమత్కారము చూడుడు. సగము పైకము మొదట, సగము చివర. ఫలితము తెలిపినగాని రెండవ సగము లేదు. కావున మా యన్నగారివలె నడుమ మందు మానినవాడు ఏమయ్యెనని అడుగుట వైద్యునకు లాభకారణ మగుచున్నది. చీటి వ్రాసినందులకు కాక, రోగిని కడవఱకు విడువనందులకు ఇచ్చు పైకము ఇది. నా యల్పబుద్ధికి తోచినంతలో ప్రోత్సాహములన్నియు ఈ మార్గమునే నడువదగును.

ఇక గోప్యము. మొదట చెప్పిన ఎగతాళిని మఱల జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మానసిక వైద్యశాలకు ఒకమారు వచ్చినవాని పేరు ఊరిలో పొక్కినచో వాని చెల్లెలికి సంబంధము కుదురదు. క్షయ యనగానే మంచినీళ్ల చెంబు వేఱుచేయువారు నేటికిని గలరు. ఇట్టి రోగముల చిట్టా పరులచేత బడుట సామాన్యమైన కీడు కాదు. ఆంతరంగికత మానవుని ప్రాథమికహక్కని 2017 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. ఆ సంవత్సరముననే చేయబడిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగికి రెండు హక్కులు కల్పించినది. తన వివరములు, కంప్యూటరులో నున్నవి సయితము, గుట్టుగా నుంచబడుట యొకటి. తన చికిత్సాపత్రములను తాను చూడగల్గుట రెండవది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు వేఱొక చట్టము గూడ వచ్చినది. చట్టములు తలుపులవంటివి. తాళపుచెవి మాత్రము మనచేతిలోనే యున్నది. ఆ తాళపుచెవి పేరే ఓటీపీ.

కొందఱు పెద్దలు రెండు విషయములు కలిపి తికమక పడుచున్నారు. ఆభా సంఖ్య వేఱు, అయిదులక్షల రూపాయల చికిత్సకు పనికివచ్చు ఆయుష్మాన్ కార్డు వేఱు, ఆరోగ్యశ్రీయు వేఱే. ఆభా చిట్టాకు గుర్తు మాత్రమే. దానివలన ఉచితవైద్యము రాదు. దానిని పొందుటకు రుసుము లేదు. అది నిర్బంధమును కాదు. వలదనుకొన్నవాడు తీసివేయించుకొనవచ్చును. ఆభా లేదని చికిత్స నిరాకరించు నధికారము ఎవరికిని లేదు.

కావున గ్రామమున నలుగురు మాట వినెడి పెద్దలుగా మీరు చేయదగిన పనులు చెప్పి ముగించెదను. ఓటీపీ యడిగినవానిని "ఇది దేనికి? ఏ పత్రము ఎవరి ఖాతాకు చేరును?" అని నెమ్మదిగా నడుగుడు, సమాధానము తెలియువఱకు చెప్పకుడు. ఇంటిలో ఒకే ఫోను సంఖ్య యున్నచో ఎవరి ఆభా సంఖ్య యేదో ఒక కాగితముపై వ్రాసి గోడకు అంటింపుడు. పత్రము జతపడినపిమ్మట చదువుకొన్న పిల్లలచేత చదివించి పేరు, వయస్సు, రోగము, మందు సరిచూచుకొనుడు. తప్పున్నచో వెంటనే దిద్దింపుడు. ఇతర వైద్యునకు చూపుటకు అనుమతి యిచ్చునప్పుడు ఏ పత్రము, ఎన్ని దినములు అను హద్దులు పెట్టవచ్చును. పిదప ఆ యనుమతిని రద్దుచేయను వచ్చును. ఇవి మనకు గల యధికారములు, వాడుకొనుడు. విద్యుత్తు పోవచ్చును, ఫోను పగులవచ్చును. కావున గుడ్డసంచిని పాఱవేయకుడు.

వైద్యునకు వచ్చు ఇరువది రూపాయలను చూచి అసూయపడవలదు. మన చిట్టా వ్రాసినందులకు అది కూలి. కూలి తీసికొన్నవానిచేత పని సరిగా చేయించుకొనుట యజమాని ధర్మము. చిట్టాకు యజమాని రోగియే.

మా యన్నగారు దైవానుగ్రహమువలన, అంతకంటె ముఖ్యముగా మందు మానకుండుటవలన, రెండవమారు పూర్తిగా కోలుకొనెను. మనుమనికి పరీక్షలు చేయించితిమి, రోగము సోకలేదు. ఆయన నేటికిని పొలమునకు పోవుచున్నాడు. ఎవరైనను దగ్గుచు తన వాకిటికి వచ్చినచో ఆయన యడుగు మొదటి ప్రశ్న రోగమునుగూర్చి కాదు. "నీ చీటి యేది? చదివించితివా?" అని యడుగును.